గంటసేపు కదలిక లేని కెర్నల్‌ను ఆపేయడం న్యాయమేనా?

చెరువుగట్టు (ఆదివారం, ఉదయం 8:10)

మనం చందాలు వేసుకొని హనుమకొండలో నడుపుకుంటున్న ఉమ్మడి జూపిటర్ సర్వర్‌లో (బ్రౌజర్‌లోనే నోట్‌బుక్‌లు తెరిచి కోడ్ నడుపుకునే యంత్రం అది), గంటసేపు ఖాళీగా ఉన్న కెర్నల్, అంటే నోట్‌బుక్ కోడ్‌ను నడిపి ఫలితాలను మెమరీలో ఉంచుకునే ప్రాసెస్, దానంతటదే ఆగిపోయేలా గత వారం అమరిక మార్చారు. ఆ మార్పు వల్ల నా ఏడు గంటల లెక్క మట్టిపాలైంది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల నీటి విస్తీర్ణం 2017 నుంచి ఏటా వానాకాలం తర్వాత ఎలా మారుతూ వచ్చిందో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల నుంచి తేల్చే పని నాది. ప్రతి చిత్రంలో మబ్బు కమ్మిన చోట్లను తీసేసి, మిగిలిన 10 మీటర్ల గడులన్నింటిలో ఆకుపచ్చ, సమీప పరారుణ పట్టీల విలువలను పోల్చి, అది నీరో నేలో నిర్ణయించాలి. నిన్న సాయంత్రం 7 గంటలకు ఆ కోడ్ ఉన్న సెల్ (నోట్‌బుక్‌లో ఒక్కసారిగా నడిచే కోడ్ ముక్క) నడిపించాను. 9 దాటాక మా ఊళ్లో నెట్ పోయింది కాబట్టి ల్యాప్‌టాప్ మూసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే కెర్నల్ లేదు, అందులో ఉండవలసిన పట్టికా లేదు. నడుస్తున్న లెక్కను మధ్యలో ఆపేయడం ఏ పద్ధతి?

కావలి (8:34)

తమ్ముడూ, లాగ్ తెరిచి చూసే రాస్తున్నాను. నీ సెల్ రాత్రి 1:52కు పూర్తయింది. కెర్నల్ 2:55కు ఆగింది. అంటే లెక్కను మధ్యలో ఎవరూ ఆపలేదు. పనిలో ఉన్న కెర్నల్‌ను ముట్టుకోకూడదన్నది జూపిటర్‌లో ముందునుంచీ ఉన్న అమరికే, దానిని నేను మార్చలేదు. నేను మార్చింది, ఖాళీ కెర్నల్‌ను ఎన్ని సెకన్లకు ఆపాలో చెప్పే కల్_ఐడిల్_టైమవుట్ ఒక్కటే. అది మామూలుగా సున్నా, అంటే ఎప్పటికీ ఆపవద్దని అర్థం. దానిని 3600 సెకన్లు చేశాను. ఎందుకు చేయవలసి వచ్చిందో కూడా విను. మన యంత్రంలో ఉన్నది 64 జీబీ ర్యామ్. పోయిన శుక్రవారం, ఎవరూ వాడని మూడు కెర్నళ్లు పెద్ద పెద్ద పట్టికలను మోస్తూ అందులో 41 జీబీని పట్టుకొని కూర్చున్నాయి. నాలుగో మనిషి ఫైలు తెరవగానే జాగా చాలక, నిజంగా పని చేస్తున్న అతని ప్రాసెస్‌నే ఆపరేటింగ్ సిస్టమ్ చంపేసింది.

కాజీపేట_జంక్షన్ (8:41)

సెల్ చివర ఫలితాన్ని డిస్కులో భద్రపరిచే వాక్యం ఒక్కటి రాసుకుంటే ఈ చర్చే ఉండేది కాదు.

చెరువుగట్టు (9:05)

కావలి అన్నా, మీరు "ఖాళీ" అనే మాటను వాడుతున్న తీరు దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. లెక్క ముగిసి, దాని ఫలితం మెమరీలో నా కోసం ఎదురుచూస్తున్న కెర్నల్ ఖాళీ ఎట్లా అవుతుంది? వడ్లు కల్లంలో ఆరబోసి రైతు ఇంటికి అన్నానికి పోతే, మనిషి కనిపించలేదని కల్లం ఖాళీగా ఉందంటామా? కెర్నల్ కొత్త ఆదేశం కోసం చూస్తున్నదని సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న పేరు అది. నా పని అయిపోయిందని దానికి అర్థం కాదు. ఫలితం చేతికి రానంత వరకు లెక్క ముగిసినట్టు నేను ఒప్పుకోను.

కావలి (9:22)

కల్లం నీ ఒక్కడిదైతే వడ్లు ఎన్నాళ్లున్నా అడిగేవాడు లేడు. ఇది ఊరందరి కల్లం. ఆరిన వడ్లను బస్తాకెత్తుకోవలసింది నువ్వే. ఖాళీ అనే మాటకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే అర్థం తప్ప వేరే కొలత నా దగ్గర లేదు. ఎవరి మెమరీలో ఉన్న పట్టిక విలువైనది, ఎవరిది నిన్నటి మిగులు అని నేను లోపలికి తొంగిచూసి నిర్ణయించలేను.

పత్తిచేను (9:50)

నేను కావలి గారి పక్షమే. దానికి కారణం నా అనుభవం. పత్తి కాయల్లో గులాబీ రంగు పురుగును ఫొటోల నుంచి గుర్తించే నమూనాకు శిక్షణ ఇస్తున్నాను. ఆ శిక్షణ లెక్కలను వేగంగా చేసే చిప్, జీపీయూ, మనకున్నది ఒక్కటే. శిక్షణకు వాడే టెన్సర్‌ఫ్లో లైబ్రరీ మొదలవగానే, మనం ప్రత్యేకంగా వద్దని చెప్పకపోతే, జీపీయూ మెమరీ దాదాపు మొత్తాన్నీ తన పేరున రాసుకుంటుంది. శిక్షణ ముగిసినా ఆ ప్రాసెస్ ఆగేదాకా వదలదు. పోయిన నెల ఒకరి కెర్నల్ ఏ పనీ చేయకుండా నాలుగు రోజులు అట్లాగే ఉంది. నేను ప్రతి పూటా తెరిచి చూడడం, జాగా లేదన్న ఎర్ర అక్షరాలు చదివి మూసేయడం. నా గైడ్‌కు చూపించవలసిన గడువు ఆ నాలుగు రోజుల్లోనే దాటిపోయింది. ఎవరి కెర్నల్ అన్నది ఇక్కడ రాయను. గూగుల్ వాళ్ల ఉచిత నోట్‌బుక్ సేవ కోలాబ్‌లోనూ నోట్‌బుక్ గరిష్ఠంగా 12 గంటలే నడుస్తుంది, ఖాళీగా వదిలేస్తే అంతకన్నా ముందే పోతుంది. అక్కడ ఒప్పుకున్న నియమాన్ని ఇక్కడ ఎందుకు ఒప్పుకోము?

చెరువుగట్టు (10:15)

కోలాబ్‌లో నేను చందా కట్టలేదు. ఇక్కడ ప్రతి నెలా అందరితో సమానంగా కడుతున్నాను. పైగా నేను జీపీయూ వాడనే లేదు, నా పట్టిక మొత్తం కలిపినా 6 జీబీ దాటదు.

కాజీపేట_జంక్షన్ (10:18)

మళ్లీ అడుగుతున్నాను, భద్రపరిచే వాక్యం ఎందుకు రాయలేదు?

చెరువుగట్టు (10:27)

రాయకపోవడం నా తప్పే. ఆ ముక్క మొదటే ఒప్పుకోవలసింది. అయితే ఆ తప్పుకు ఏడు గంటల శిక్ష వేసిన నియమం గురించి నాకు ఒక్క మాట కూడా ముందుగా ఎవరూ చెప్పలేదు.

మెట్టుగుట్ట (10:58)

ఒక విషయం గమనించి రాస్తున్నాను. నిన్న రాత్రి అదే యంత్రంలో నావి రెండు నోట్‌బుక్‌లు తెరిచి ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం తర్వాత నేను వాటిలో ఒక్క సెల్ కూడా నడపలేదు. ఇప్పుడు ఆదివారం 11 కావస్తున్నది, రెండు కెర్నళ్లూ నిక్షేపంగా ఉన్నాయి. గంట నియమం అందరికీ ఒకటే అయితే నావి ఎప్పుడో పోవాలి. కావలి గారూ, ట్యాబ్ తెరిచి ఉన్న కెర్నల్‌ను కూడా ఆపాలా వద్దా అని చెప్పే కల్_కనెక్టెడ్ అమరిక ఏమని ఉంది?

కావలి (11:20)

దానిని ముట్టుకోలేదక్కా. మామూలుగా ఉన్నట్టే ఫాల్స్ అని ఉంది. అంటే బ్రౌజర్ ట్యాబ్ తెరిచి కనెక్షన్ నిలిచి ఉన్నంత వరకు, ఎంతసేపు ఖాళీగా ఉన్నా కెర్నల్‌ను ఆపదు. మీ ట్యాబ్‌లు గదిలోని కంప్యూటర్‌లో తెరిచే ఉన్నాయి కాబట్టి మీవి మిగిలాయి.

చెరువుగట్టు (11:31)

ఇదన్నమాట అసలు సంగతి! హనుమకొండలో గది, ఆగని కరెంటు, తెగని వైఫై ఉన్నవాళ్లు ట్యాబ్ తెరిచి సినిమాకు పోయినా వాళ్ల కెర్నల్ పనిలో ఉన్నట్టు లెక్క. నర్సంపేట అవతలి ఊరి నుంచి పని చేసే నాకు నెట్ పోతే నేను పని మానేసినట్టు లెక్క. పొద్దుటి నుంచి నన్ను భద్రపరచలేదని నిలదీస్తున్నారు కదా, పదిహేను గంటల పైబడి ఏమీ చేయని రెండు కెర్నళ్లను ఎవరైనా అడిగారా? ఈ నియమం ర్యామ్ కోసం పెట్టింది కాదు, దగ్గర ఉన్నవాళ్ల కోసం పెట్టింది.

కావలి (11:52)

ఆ మాట వెనక్కి తీసుకో. యంత్రం ఆగిపోయిందని అర్ధరాత్రి రెండు గంటలకు ఫోన్లు వస్తే బండి వేసుకొని వెళ్లి లేపి వస్తున్నది నేను. ఎవరికో మేలు చేయడానికి పెట్టానంటే ఈ తాళం చెవి ఇంకొకరికి ఇచ్చేస్తాను.

పత్తిచేను (11:58)

తమ్ముడూ, ఆయనను అనవలసిన మాట కాదది. అయితే ట్యాబ్ సంగతి నాకూ ఈ రోజే తెలిసింది. నన్ను నాలుగు రోజులు ఆపిన కెర్నల్ వంటిది ఈ కొత్త నియమం కింద కూడా ట్యాబ్ తెరిచి ఉంటే ఆగదన్నమాట. అంటే నేను సమర్థిస్తున్న నియమం నా ఇబ్బందిని తీర్చడమే లేదు.

చెరువుగట్టు (మధ్యాహ్నం 12:30)

కావలి అన్నా, మీరు ఎవరి పక్షమో వహించారన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. నియమం గురించి అన్నది మాత్రం ఉంచుతున్నాను. మనకు అసలు తేడా ఎక్కడుందో ఇప్పుడు స్పష్టంగా రాయగలను. మీరు మనిషి కనెక్ట్ అయి ఉండడాన్ని పనికి గుర్తుగా తీసుకుంటున్నారు. నా వంటివాడు సర్వర్ మీద లెక్క పెట్టేదే, తాను కనెక్ట్ అయి ఉండలేడు కాబట్టి. అందరికీ వర్తించే గంట అయితే, నాకు ముందే చెబితే, నేను గంటకైనా ఒప్పుకుంటాను.

కావలి (1:15)

ఆ తేడా నేను చూడలేదు. కనెక్షన్ ఉంటే ఆపకపోవడాన్ని మర్యాద అనుకున్నాను తప్ప, అది ఎవరిని మినహాయిస్తున్నదో ఆలోచించలేదు. ఈ సాయంత్రం కల్_కనెక్టెడ్‌ను ట్రూ చేస్తాను, సమయాన్ని 6 గంటలకు పెంచుతాను. ట్యాబ్ తెరిచి ఉన్నా ఆరు గంటలు కదలిక లేకపోతే ఆగుతుంది. జీపీయూకు ఆరు గంటలు ఎక్కువే కాబట్టి, శిక్షణ ముగియగానే కెర్నల్‌ను షట్‌డౌన్ చేయాలన్నది వేరే నియమంగా ఉంటుంది.

తమ్ముడూ, ఇంకొక మాట. ట్యాబ్ మూసిన తర్వాత సెల్ అచ్చువేసే వరుసలు మళ్లీ తెరిచినప్పుడు నోట్‌బుక్‌లో కనబడతాయన్న నమ్మకం పెట్టుకోకు. కెర్నల్ బతికే ఉన్నా ఆ వరుసలు చాలాసార్లు పోతాయి. రాత్రంతా నడిచే లెక్కను పైథాన్ ఫైలుగా మార్చి, టెర్మినల్‌లో నోహప్‌తో (కనెక్షన్ తెగినా ప్రోగ్రామ్ ఆగకుండా నడిపే ఆదేశం) నడిపించు. అది నోట్‌బుక్ కెర్నల్ కాదు కాబట్టి ఈ అమరిక దాని జోలికి రాదు. నోట్‌బుక్‌గానే ఉంచాలంటే, బ్రౌజర్ లేకుండా నోట్‌బుక్‌ను నడిపే పేపర్‌మిల్ వాడు, ఒక్కో సెల్ అయిన కొద్దీ ఫైలును భద్రపరుస్తుంది.

మెట్టుగుట్ట (1:24)

నా రెండు కెర్నళ్లను ఇప్పుడే షట్‌డౌన్ చేశాను. 9 జీబీ ఖాళీ అయింది.

కాజీపేట_జంక్షన్ (1:40)

ఆరు గంటలు ఎక్కువ. మూడు చాలు.

చెరువుగట్టు (రాత్రి 7:48)

మూడు చెరువులకూ ఒకే పెద్ద సెల్ ఉండేది, దానిని చెరువుకొకటి, ఏడాదికొకటిగా విడగొట్టాను. ఏ ఏడాది పట్టిక ఆ ఏడాది ముగియగానే డిస్కులోకి వెళుతుంది, మళ్లీ నడిపితే ఉన్న ఫైళ్లను వదిలి మిగిలిన వాటి నుంచి మొదలవుతుంది. నోహప్‌తో 7:05కు మొదలుపెట్టాను, పాకాల 2017, 2018 ఫైళ్లు ఇప్పటికే వచ్చాయి. నెట్ ఇంకా ఉంది. కెర్నల్‌ను ఆపే అరగంట ముందు దాని యజమానికి మెయిల్ వెళ్లేలా చేయగలరా అన్నా? ఈ ఒక్కటి మాత్రం నేను వదలను.

కావలి (8:02)

జూపిటర్‌లో దానికి అమరిక ఏదీ నేను చూడలేదు. కెర్నళ్ల చివరి కదలిక సమయం సర్వర్‌ను అడిగితే చెబుతుంది కాబట్టి, పది నిమిషాలకొకసారి అడిగి మెయిల్ పంపే చిన్న స్క్రిప్ట్ రాయవచ్చు. బుధవారం లోపు రాస్తాను. అంతవరకు సమయం ఆరు గంటలే.