1971 బుల్లెట్‌కు కొత్త సీటు, వెనక క్యారియర్: బిగించవచ్చా, అసలు రూపంలోనే ఉంచాలా?

పెరంబూర్ 350:
అందరికీ నమస్కారం. నాది 1971 బుల్లెట్ 350, తిరువొత్తియూర్ ఫ్యాక్టరీలో తయారైన బండి. ఇంజిన్ బాగుంది, ఇబ్బందంతా సీటుతోనే. రెక్సిన్ చిరిగింది, ఫోమ్ అణిగిపోయింది, అడుగు రేకు అంచుల్లో తుప్పు పట్టింది. నెలకోసారి నెల్లూరు వెళ్తుంటాం, వెనక మా ఆవిడ కూర్చుంటుంది, సంచి పెట్టుకునే చోటు ఉండదు. చెన్నై పుదుపేటలో కొత్త సీటు, క్యారియర్ రెండూ చూశాను. మెకానిక్ మడ్‌గార్డ్‌కు రెండు రంధ్రాలు వేసి బిగిస్తానంటున్నాడు. తెలిసినవాళ్లేమో బండి విలువ పోతుందంటున్నారు. మీరేమంటారు?

రాయపురం వింటేజ్:
రంధ్రం మాత్రం వేయించకు తమ్ముడూ. 1955లో ఇంగ్లండ్ నుంచి విడిభాగాలు తెప్పించి మద్రాసులో బిగించడంతో మొదలైన బండి ఇది. ఆ తరం బళ్లు ఫ్యాక్టరీ రూపంలో ఇప్పుడు ఎన్ని కనిపిస్తున్నాయి? పిస్టన్, క్లచ్ ప్లేట్లు ఇంకా దొరుకుతాయి కానీ అప్పటి మడ్‌గార్డ్, సీటు రేకు ఎక్కడ తెస్తావు? పైగా 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. ఆ అవకాశం ఎందుకు పోగొట్టుకోవాలి?

సూళ్లూరుపేట రైడర్:
అన్నా, ఆ నిబంధనల్లో మిగతా సగం కూడా చెప్పాలి కదా. వింటేజ్‌గా నమోదైన బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, మరమ్మతు లాంటి పనులకే బయటికి తీయాలి. ఈయనేమో నెల్లూరు వెళ్లాలంటున్నారు. నడుము నొప్పికి భయపడి బండిని మూలన పెడితే కార్బురేటర్ పట్టేస్తుంది, ట్యాంకులో తుప్పు చేరుతుంది. చెన్నై ఉప్పుగాలి సంగతి మనకు తెలిసిందేగా. నా ఓటు కొత్త సీటుకే.

మైలాపూర్ స్పానర్:
సీటునూ క్యారియర్‌నూ ఒకే గాటన కట్టొద్దు. సీటు ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి పాతది పెట్టుకోవచ్చు. క్యారియర్ తప్పుగా బిగిస్తే బండికే దెబ్బ.

తుప్పు అంచులకే ఉందంటే కొత్త సీటు అక్కర్లేదు. తుప్పు గీకించి, పోయినచోట ముక్క అతికించి, మళ్లీ తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పెయింటు కొట్టించండి. జనరల్ పాటర్స్ రోడ్డులో అడిగితే పాత కుట్టు, పాత బీడింగ్ లాగే కొత్త రెక్సిన్ వేసిస్తారు. ఫోమ్ గట్టిది అడగండి. మెత్తటిది షాపులో హాయిగా ఉంటుంది, గూడూరు చేరేసరికి రేకు తగులుతుంది. కొత్త సీటే కొంటానంటే డబ్బిచ్చేముందు బండి మీద పెట్టి చూడండి. ముందు కొస ట్యాంకును రాయకూడదు, అడుగున రబ్బర్లన్నీ సమంగా ఆనాలి. బోల్టు బిగిస్తే తప్ప సీటు కిందికి దిగడం లేదంటే ఆ రేకు మీ బండిది కాదు.

ఇక క్యారియర్. దాని బరువు ఫ్రేమ్ మోయాలి, మడ్‌గార్డ్ కాదు. మడ్‌గార్డ్‌కు రంధ్రం వేస్తే సింగిల్ సిలిండర్ ఇంజిన్ అదురుకు అక్కడే చీలిక మొదలవుతుంది. బోల్టు కొస లోపలికి పొడుచుకొస్తే, గుంతలో షాక్ అబ్జార్బర్ పూర్తిగా దిగినప్పుడు టైరుకు తగలొచ్చు. వెనక షాక్‌ల పై బోల్టుల దగ్గర కాళ్లు ఆనే క్యారియర్ చేయించండి. దానికి పొడవైన బోల్టులు కావాలి, గొడవంతా అక్కడే వస్తుంది. పాత బుల్లెట్‌లో చాలాచోట్ల ఇంగ్లండ్ అంగుళాల మరలు ఉంటాయి. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ. కాబట్టి 8 మి.మీ. బోల్టు సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ మరల మధ్య దూరం వేరు కావడంతో ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. అప్పుడు బలవంతం చేస్తే మర పోతుంది. పాత బోల్టు చేత్తో పట్టుకెళ్లి, పక్కపక్కన పెట్టి చూసి కొనండి.

బరువు వెనక ఇరుసును దాటి ఎంత వెనక్కి పోతే ముందు చక్రం అంత తేలికవుతుంది, స్పీడులో హ్యాండిల్ ఊగుతుంది. బరువైన సంచిని సీటుకు ఆనించి కట్టండి.

అమింజికరై:
వెనక కూర్చునేదాన్నిగా ఒక మాట. కొత్త సీటు వేసేటప్పుడు చేత్తో పట్టుకునే పట్టీ తీసేస్తారు. క్యారియర్ కాలికి అడ్డొస్తోందని చీర గార్డు కూడా విప్పేస్తారు. ఈ రెండూ, ఫుట్‌రెస్టూ కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ దాని ప్రకారం తప్పనిసరి. వదినగారిని కూర్చోబెట్టి చూశాకే బోల్టులు పూర్తిగా బిగించండి. క్యారియర్ ముందు కమ్మీ నడుముకు గుచ్చుకుంటుంటే ఎంత మంచి ఫోమ్ వేయించినా లాభం లేదు.

సూళ్లూరుపేట రైడర్:
అవును. పెట్టె పెట్టే ఆలోచన ఉంటే 2020లో కేంద్రం చెప్పిన కొలతలు చూసుకోండి: పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మి.మీ. దాటకూడదు. పెట్టె వెనక సీటు మీదకు వస్తే రెండో మనిషి ఎక్కకూడదు, దాని వెనక ఉంటేనే ఎక్కొచ్చు.

రాయపురం వింటేజ్:
సీటు రేకు బాగుచేయించుకోమన్న మాటకు నేనూ సరే. క్యారియర్‌కు మాత్రం ఒప్పుకోను. షాక్ బోల్టు మార్చినా అసలు భాగం మార్చినట్టే. సీటు మీదుగా రెండువైపులా వేలాడే కాన్వాస్ సంచులు చాలవా?

మైలాపూర్ స్పానర్:
కుడివైపు సైలెన్సర్ ఉంది అన్నా. సంచి దానికి ఆని కాలకుండా ఉండాలంటే అడ్డంగా ఒక కమ్మీ కావాలి, దాన్నీ ఫ్రేమ్‌కే బిగించాలి. పాత బోల్టులు నూనె రాసి డబ్బాలో పెట్టుకుంటే రేపు ఎప్పుడైనా మళ్లీ బిగించుకోవచ్చు.

పెరంబూర్ 350:
అయితే సీటు రేకు బాగుచేయిస్తాను. రంధ్రం వేయొద్దని మెకానిక్‌కు చెప్పేశాను. రాయపురం అన్నా, మీ మాట అర్థమైంది, కానీ వెనక మనిషి ఉండగా సంచి ఒళ్లో పెట్టుకుని అంతదూరం వెళ్లడం మా ఇద్దరికీ కష్టం. క్యారియర్ పెట్టిస్తున్నాను, చీర గార్డు కదలదు. అంబత్తూరు వైపు షాక్ బోల్టుల కొలత తీసుకుని క్యారియర్ చేసిచ్చే వెల్డర్ ఎవరైనా తెలిస్తే చెప్పండి.