హుద్‌హుద్ ఫోటోలకు 2008 తేదీ: సరిచేసేదెలా?

సీతమ్మధార టీచర్

నమస్కారం. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. కంప్యూటర్ పాఠం మాత్రం నాకెవరూ కుదురుగా చెప్పలేదు, అందుకని కాస్త ఓపిక పట్టండి.

మా ఇంట్లో 2009లో కొన్న చిన్న డిజిటల్ కెమెరా ఉంది. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. దానితో తీసిన ఫోటోలు 11,400 పైచిలుకు, మొత్తం 34 జీబీ. ‘న్యూ ఫోల్డర్’, ‘న్యూ ఫోల్డర్ 2’, ‘అమ్మ కెమెరా’, ‘అమ్మ కెమెరా అసలుది’ అంటూ కంప్యూటర్ నిండా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. చివరి రెండింటిలో నిజంగా అసలుది ఏదో ఆ పేర్లు పెట్టిన మా అబ్బాయికే గుర్తులేదు.

సంవత్సరాల వారీగా సర్దుదామని కూర్చున్నాను. తేదీ ప్రకారం వరస పెడితే సగం ఫోటోలు 2019లో ఒకే రోజున తీసినట్టు కనిపించాయి. అది మావాడు వాటిని కొత్త కంప్యూటర్‌లోకి మార్చిన రోజు. సింహాచలం చందనోత్సవం, మా అమ్మాయి పెళ్లి, బొర్రా గుహలు, అన్నీ ఆ ఒక్కరోజే!

అసలు చిక్కు మా విశాఖను ఊపేసిన హుద్‌హుద్ తుఫాను ఫోటోలతో. 2014 అక్టోబరు 12, ఆదివారం. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది. ఏడాదిగా సెల్స్ లేకుండా బీరువాలో పడి ఉన్న కెమెరా గుర్తొచ్చి, టార్చిలైటు కోసం కొన్న సెల్స్ రెండు దానికి వేశాను. మా పెరటి వేపచెట్టు వేళ్లతో సహా లేచి పక్కింటి నీళ్లట్యాంకు మీద వాలిపోతే కిటికీ ఊచల మధ్య నుంచి తీశాను. కెమెరా తేదీ అడిగింది. ఆ గాలిలో తేదీ ఎవరికి కావాలి? ఓకే నొక్కేశాను. ఇప్పుడు చూస్తే అవన్నీ 2008 జనవరి 1 అర్ధరాత్రి నుంచి మొదలవుతున్నాయి. కెమెరా కొనకముందే దానితో ఫోటోలు తీసిన ఘనత నాది.

ఇంకొకటి. కార్డు నుంచి ఫోటోలు దించుతుంటే ‘ఈ పేరుతో ఫైలు ముందే ఉంది, రీప్లేస్ చేయాలా’ అని అడుగుతుంది. చాలాసార్లు చేయమన్నాను. తప్పు చేశానా?

గాజువాక స్టూడియో

టీచర్ గారూ, నమస్కారం. చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, చేదుగా ఉన్నా. అవునండీ, తప్పే. కెమెరా ప్రతి ఫోటోకూ నాలుగంకెల వరస సంఖ్య వేస్తుంది. 9999 అయ్యాక మళ్లీ 0001కి వస్తుంది. కొన్ని కెమెరాలైతే కార్డు ఫార్మాట్ చేసినప్పుడల్లా మొదటికి వచ్చేస్తాయి. ఒకే వీధిలో ఇద్దరు అప్పలరాజులు ఉన్నట్టు, భీమిలి ఫోటో 0123, సింహాచలం ఫోటో కూడా 0123. రీప్లేస్ అంటే రెండోవారొచ్చి మొదటివారిని ఇంట్లోంచి గెంటేయడమే. ఇకముందు ఒక్కసారి దించిన ఫోటోలకు ఒక్క ఫోల్డర్ పెట్టండి, ఆ ప్రశ్నే రాదు.

2019 గొడవ తేలిక. మీరు చూస్తున్నది ఫైలు ఆ డిస్కు మీదికి వచ్చిన తేదీ. కెమెరా తన గడియారం చూసి ఫోటో లోపల విడిగా ఒక తేదీ రాస్తుంది. దాన్ని ఎగ్జిఫ్ అంటారు. కాపీ చేసినా అది మారదు. ఫోల్డర్‌లో పైన పట్టీల మీద కుడి బటన్ నొక్కి ‘డేట్ టేకెన్’ ఎంచుకుని, దాని ప్రకారం వరస పెట్టండి. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన ఫోటోలకు ఈ తేదీ ఉండదు, పైగా అవి కుంచించుకుపోయి ఉంటాయి. ఒకే ఫోటో రెండు ఉంటే పెద్ద సైజుది ఉంచుకోండి.

తుఫాను ఫోటోలకు దారి ఉంది. గడియారం తప్పుగా ఉన్నా ఆగకుండా నడిచింది కదా! మొదటి ఫోటో ఎంత తప్పో చివరిదీ అంతే తప్పు. ఆ వరసలో ఒక్క ఫోటోకు అసలు తేదీ, గంట, నిమిషం తెలిస్తే చాలు, మిగతావన్నీ దాని వెంట వస్తాయి. గోడగడియారం పడిన ఫోటో ఏదైనా ఉందా?

రుషికొండ గాలి

ఇంత శ్రమ ఎందుకండీ, అన్నీ క్లౌడ్‌లో పెట్టేయండి, అదే సర్దుకుంటుంది.

సీతమ్మధార టీచర్

మా అబ్బాయీ ఇదే మాట అన్నాడు బాబూ. గూగుల్ ఫోటోస్‌లో ఉచితంగా ఎన్నయినా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో పోయాయట. ఇప్పుడు ఉచితం 15 జీబీ, నా దగ్గరున్నవి 34. డబ్బు కట్టి పెట్టినా అది నా హుద్‌హుద్‌ను 2008లోనే చూపిస్తుంది కదా!

స్టూడియో గారూ, దొరికింది! ఆ దీపావళికి టపాకాయలు కాల్చలేదు. ఊరంతా ఎండుకొమ్మలే. వరండాలో దీపాలు మాత్రం పెట్టాం. హాల్లోంచి తీసిన ఒక ఫోటోలో తలుపు పైన గోడగడియారం స్పష్టంగా ఉంది: సాయంత్రం 6 గంటల 40 నిమిషాలు. తేదీ 2014 అక్టోబరు 23. కెమెరా లెక్కలో అది 2008 జనవరి 12, తెల్లవారుజామున 3 గంటల 10 నిమిషాలు.

గాజువాక స్టూడియో

భలే. తేడా 2,476 రోజుల 15 గంటల 30 నిమిషాలు. రెండు లీపు సంవత్సరాలను కలిపే చెబుతున్నాను. అంటే కెమెరా లెక్కలో జనవరి 1 అర్ధరాత్రి మీకు అక్టోబరు 12 మధ్యాహ్నం మూడున్నర. మీరు సెల్స్ వేసింది అప్పుడేనా?

డిజికామ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అందులో ఫోటోలు ఎంచుకుని తేదీ, సమయం సర్దే పనిముట్టు తెరిస్తే ఇన్ని రోజులు, ఇన్ని గంటలు కలుపు అని చెప్పవచ్చు. గడియారం ఉన్న ఫోటో చూపించి అందులోని సమయం చెబితే తేడా అదే కట్టుకునే వీలు కూడా ఉంది. కానీ ముందుగా మొత్తం 34 జీబీనీ వేరే డిస్కులోకి కాపీ చేయండి. ఇది మాత్రం దాటవేయకండి.

ఒక అనుమానం. దీపావళి తర్వాత సెల్స్ మళ్లీ తీసి చాలాకాలం ఉంచేశారా? అయితే గడియారం మళ్లీ మొదటికి వచ్చి ఉంటుంది. అక్కడినుంచి తేడా వేరు, ఇంకో ఆనవాలు వెతకాలి.

ఎంవీపీ అత్తయ్య

వదినగారూ, పాత కార్డులు పారేయలేదు కదా? రీప్లేస్‌లో పోయినవి వాటిలో ఇంకా ఉండవచ్చు. కార్డు చెరిపేసినా, దాని మీద కొత్తవి తీయకుండా ఉంటే ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలావరకు వెలికితీస్తుంది. పేర్లు పోతాయి, లోపలి తేదీ ఉంటుంది. కార్డు పక్కనున్న చిన్న మీటను ముందే లాక్ వైపు జరపండి.

కెమెరాకు తీగ పెట్టి ఎక్కించకండి. మధ్యలో సెల్స్ అయిపోతే నరకం, నేను పడ్డాను. కార్డు రీడర్ కొనుక్కోండి. కట్ కాదు, కాపీ. లెక్క సరిపోయిందని చూసుకున్నాకే కార్డు ఖాళీ చేయండి, అదీ కెమెరాలోనే ఫార్మాట్ చేసి.

సీతమ్మధార టీచర్

వారం తర్వాత వస్తున్నాను.

సెల్స్ వేసింది మూడున్నరకే అయి ఉండాలి. వేపచెట్టు ఫోటోకు ఇప్పుడు మధ్యాహ్నం 3:34 అని వచ్చింది. అనుమానం కూడా నిజమే. మళ్లీ 2008 జనవరి 1తో మొదలయ్యే ఇంకో గుంపు ఉంది. అందులో మావారు ఆర్కే బీచ్‌లో యుద్ధనౌకల దీపాల ముందు నిలబడి ఉన్నారు. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగినప్పటిది. రోజు తెలుసు, గంట తెలియదు. సాయంత్రం ఏడు అని వేసేశాను. పది నిమిషాలు అటూ ఇటూ అయితే నౌకాదళం వారు ఏమీ అనరు.

ఫోల్డర్ పేర్లు మొదట ‘అక్టోబరు 2014’ అని తెలుగులో పెట్టాను. కంప్యూటర్ వాటిని వర్ణమాల క్రమంలో పేర్చింది: అక్టోబరు, ఆగస్టు, ఏప్రిల్, ఆపైన జనవరి. జూన్ కంటే జులై ముందు! వ్యాకరణం దానిదే సరైనది, నాకే పనికిరాదు. ఇప్పుడు ‘2014-10-12 హుద్‌హుద్’ అని అంకెలు ముందు పెడుతున్నాను.

పాత 2 జీబీ కార్డు కుట్టుమిషను సొరుగులో బొత్తాముల డబ్బాలో దొరికింది. ఫోటోరెక్ 409 ఫోటోలు తీసింది, అందులో 212 నా దగ్గర లేనివే. రెండో కాపీ ఉన్న డిస్కును విజయనగరంలో మా చెల్లెలి ఇంట్లో పెట్టాను. మా ఇంట్లోకి నీళ్లు వస్తే అక్కడైనా ఉంటుంది.

గాజువాక స్టూడియో గారూ, ఇంకొక్కటి. ఆ 212లో పదిహేను ఫోటోలు కింది సగం బూడిదరంగు పట్టీలుగా వస్తున్నాయి. పైసగంలో మా అత్తగారి ముఖం వరకు బాగానే ఉంది. వాటిని ఏమైనా చేయవచ్చా?

గాజువాక స్టూడియో

ఆ కింది సగం మీద కొత్త ఫోటో ఏదో పడి ఉంటుందండీ, అది తిరిగి రాదు. ముఖం వరకు కత్తిరించి ప్రింటు తీయిద్దాం. ఫైళ్లు పంపండి, వాట్సాప్‌లో మాత్రం వద్దు.