వంటింటి కప్‌బోర్డులకు మళ్లీ రంగేస్తే నిలుస్తుందా?

అనంతపురంలో ఇల్లు. ప్లైవుడ్ కప్‌బోర్డులు, పైన సన్‌మైకా. మార్చకుండా పీయూ పెయింట్ (పాలీయురెథేన్, గట్టి పూత రంగు) కొట్టిస్తే పెచ్చులు లేస్తుందా అన్నా?

— లేచేది ఎక్కువగా జిడ్డు వల్లనే. తలుపులు విప్పి నంబర్లు వేయించండి. ముందు సబ్బునీళ్లు, తర్వాత థిన్నర్ గుడ్డ. జిడ్డు మీదే ఎమిరీ రుద్దితే అది గీతల్లోకి దిగుతుంది. ఆ తర్వాతే 220 నంబరు ఎమిరీ పేపర్, మెరుపు పూర్తిగా చచ్చేదాకా. సన్‌మైకాకు పట్టే ప్రైమర్ ఒక కోటు, ఆరాక 320తో రుద్ది, పీయూ రెండు కోట్లు స్ప్రే. హార్డెనర్ (రంగు గట్టిపడటానికి కలిపేది) పాళ్లు డబ్బా మీద రాసినట్టే. కంటితో కొలిచే పెయింటర్ వద్దు.

— మన ఎండకు మధ్యాహ్నం స్ప్రే చేస్తే రంగు పరుచుకోకముందే ఆరి, నారింజ తొక్కలా తేలుతుంది. పొద్దున్నే కొట్టించండి, నెమ్మదిగా ఆరే స్లో థిన్నర్ అడగండి. వారం దాకా తడిగుడ్డ తగలనీయద్దు.

— సింకు కింద ప్లై ఉబ్బిందేమో నొక్కి చూడన్నా. ఉబ్బితే ఆ తలుపు మార్చాల్సిందే, రంగు దండగ.