మాంట్‌గోమరీ: అమ్మానాన్నలతో మ్యూజియం ముందా, మెమోరియల్ ముందా?

ఉండేది అట్లాంటాలో. పోయిన నెల అమ్మానాన్నలను అలబామాలోని మాంట్‌గోమరీ తీసుకెళ్ళాను, అదీ సగంలోనే తిరిగొచ్చేశాం. ఇద్దరికీ ఇంగ్లీష్ రాదు, నాన్నకు మోకాళ్ళ నొప్పులు.

అమెరికాలో నల్లజాతివాళ్ళ బానిసత్వం, ఆ తర్వాతి వివక్ష చరిత్రను చూపించే లెగసీ మ్యూజియంలోకి ఉదయం 9:30కి వెళ్తే బయటపడేసరికి 1:15 అయింది. లోపల ఫొటోలు తీయకూడదు, కాబట్టి ఫోన్ కెమెరాతో అనువాదం కుదరదు. ముందే తెలుగులో నోట్సు రాసుకెళ్ళాను కానీ ఆ చీకట్లో ఏ గోడ దగ్గర ఏది చదవాలో తెలియక తికమకపడ్డాను. నల్లజాతివాళ్ళ మూకహత్యలు జరిగిన చోట్ల నుంచి తెచ్చిన మట్టి సీసాలు వరసగా ఉంటాయి కదా, ఎర్రమట్టి ఒకటి, నల్లమట్టి ఒకటి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. అక్కడ మాత్రం నాన్న నోట్సు అడగలేదు, చాలాసేపు కదల్లేదు కూడా.

ఆ తర్వాత, ఆ మూకహత్యలకు బలైనవాళ్ళ జ్ఞాపకార్థం 2018లో తెరిచిన మెమోరియల్‌కు వెళ్ళాం. పైనుంచి వేలాడదీసిన 800కు పైగా ఉక్కు స్తంభాలు, కిందికి నడిచేకొద్దీ అవి మన తల మీదికి లేస్తాయి, ఆ వాలు దగ్గరే నాన్న కూర్చుండిపోయారు.

వచ్చే శనివారం మళ్ళీ వెళ్తున్నాం. ఇంగ్లీష్ రాని పెద్దవాళ్ళను ఒక్కరోజులో రెండూ చూపించినవాళ్ళు చెప్పండి, ఏది ముందు పెట్టుకున్నారు?