నిద్ర కోసమని రోజూ క్వార్టర్ వేసే నాన్నకు ఎలా చెప్పాలి?

మాది నెల్లూరు జిల్లా, కావలి దగ్గర పల్లె. నాన్నకు 64. రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా మానేసి రెండేళ్లయింది, అప్పటి నుంచి రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి క్వార్టర్ బ్రాందీ, అంటే 180 మిల్లీలీటర్లు, అది పడకపోతే కన్ను మూతపడదని ఆయన గట్టి నమ్మకం. వయసులో ఉన్నప్పుడు ఇదే మనిషి "మందేస్తే హుషారు, తెల్లార్లూ మేలుకోవచ్చు" అని తాగేవాడు. అదే మందు, అప్పుడు మెలకువకి, ఇప్పుడు నిద్రకి!

14 రోజులు టైం రాసిపెట్టాను. తొమ్మిదింబావుకల్లా గురక, కానీ 11 రాత్రులు రెండు గంటలప్పుడు లేచి బాత్రూంకి పోవడం, తర్వాత అరుగు మీద తెల్లారేదాకా బీడీలు. మందు తొందరగా నిద్ర పట్టిస్తుంది గానీ రెండో సగం చెడగొడుతుందని, వయసు పైబడ్డాక ఒంట్లో నీరు తగ్గి అదే క్వార్టర్ ఇంకా గట్టిగా ఎక్కుతుందని చెప్పి, ఆ కాగితం చూపించాను. "తాగబట్టే రెండు దాకన్నా పడుకున్నా అబ్బయా" అన్నాడు. ఏం చెప్తాం? ఒకరోజు సీసాలో నీళ్లు కలిపితే మొదటి గుక్కకే పట్టేసి రెండు రోజులు మాట్లాడలేదు (ఇది నా తప్పే).

రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చని తెలుసు, అందుకే సీసా దాచను. ఆస్పత్రికి రమ్మంటే నాకేం రోగం అంటాడు.

మీ ఇంట్లో అరవై దాటినవాళ్లకి "మందు లేకపోతే నిద్ర రాదు" అనే నమ్మకం ఏ మాటతో, లేదా ఏం చేస్తే సడలింది?