పాత ల్యాప్‌టాప్‌కి మళ్లీ హార్డ్‌డిస్కేనా, ఎస్‌ఎస్‌డీ వెయ్యాలా?

గోదారిగట్టు:
2016లో కొన్న ల్యాప్‌టాప్. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. నెల రోజులుగా ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. టీ పెట్టుకుని వచ్చినా ఇంకా ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. మధ్యమధ్యలో టిక్ టిక్‌మని చప్పుడు కూడా మొదలైంది. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి చూస్తే పసుపు రంగు వచ్చింది, 'కరెంట్ పెండింగ్ సెక్టార్' (చదవడానికి మొరాయిస్తున్న చోట్లు) దగ్గర 30 అని ఉంది. లోపల 480 జీబీ సరుకు: పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, నాన్నగారి పొలం కాగితాల స్కాన్‌లు. షాపతను మళ్లీ 1 టీబీ హార్డ్‌డిస్కే వేయించుకోమంటున్నాడు. మా బావమరిది ఎస్‌ఎస్‌డీ (తిరిగే డిస్క్ లేకుండా చిప్పుల్లో దాచుకునే రకం) తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు. నా బడ్జెట్‌కి ఎస్‌ఎస్‌డీ అయితే 500 జీబీయే వస్తుంది. ఎవరి మాట వినాలి?

బిట్టుబైటు:
బావమరిది మాట. ఇంట్లో శాంతి కోసం కాదు, నిజంగానే. మీది నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్క్ అయి ఉంటుంది. అంటే ఒక్క చుట్టుకే 11 మిల్లీసెకన్లు. విండోస్ లేచేటప్పుడు వేల కొద్దీ చిన్న ఫైళ్లు అడుగుతుంది, ఒక్కోదాని కోసం లోపలి ముల్లు అటూ ఇటూ పరిగెత్తాలి. ఎస్‌ఎస్‌డీలో ఆ పరుగే లేదు. సాటా ఎస్‌ఎస్‌డీ (మీ హార్డ్‌డిస్క్ గూట్లోనే పట్టే రకం) సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గరే ఆగుతుందని కొందరు పెదవి విరుస్తారు కానీ, ఆ వయసు ల్యాప్‌టాప్‌కి అది ఎక్కువే. మా అమ్మ ల్యాప్‌టాప్ మీదానికంటే పాతది, ఇప్పుడు 20 సెకన్లలో లేస్తోంది.

స్క్రూడ్రైవర్ బాబాయ్:
పదిహేనేళ్లుగా రిపేర్లు చేస్తున్నాను. వేగం సంగతి కాదనను. కానీ హార్డ్‌డిస్క్ చాలాసార్లు పోయేముందు మూలుగుతుంది. మీది మూలిగింది కాబట్టే మీరిక్కడ అడుగుతున్నారు. ఎస్‌ఎస్‌డీ రాత్రి బాగానే ఉంటుంది, పొద్దున్నే బయోస్‌లో (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్‌లలో) పేరే కనపడదు. పోయిన వారం ఒకాయన పొరపాటున ఫొటోల ఫోల్డర్ డిలీట్ చేసి పట్టుకొచ్చాడు. హార్డ్‌డిస్క్ అయితే చాలావరకు లాగేవాణ్ణి. ఎస్‌ఎస్‌డీలో డిలీట్ కొట్టగానే ట్రిమ్ అనేది ఆ చోటును ఖాళీ చేసుకోమంటుంది. ఆయనకి ఏమీ ఇవ్వలేకపోయాను. ఫొటోలే ముఖ్యమైన ఇంటికి హార్డ్‌డిస్క్ చాలండీ.

కొత్తపేట మాస్టారు:
బాబాయ్ గారి మాటకి నా ఓటు కూడా. ఎస్‌ఎస్‌డీకి ఇన్నిసార్లే రాయాలని లెక్క ఉందట. పైగా కరెంటు తగలకుండా ఏడాది ఉంచితే లోపలిది చెరిగిపోతుందని విన్నాను. మేము అమెరికాలో అబ్బాయి దగ్గరికి వెళ్తే ఆరు నెలలు ఇల్లు తాళమే. తిరిగొచ్చేసరికి ఖాళీ డబ్బా మిగిలితే?

పుల్లట్టు:
మాస్టారూ, ఆ ఏడాది లెక్క కొత్త ఎస్‌ఎస్‌డీకి కాదండీ. జెడెక్ అని, చిప్పులకి ప్రమాణాలు పెట్టే సంస్థ ఉంది, దాని ప్రమాణంలో ఉన్నది ఇదీ: రాయగలిగినంతా రాసి అరిగిపోయిన ఎస్‌ఎస్‌డీని 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా పెట్టినా ఏడాది నిలవాలి. మీ ఆరు నెలలకి టెన్షన్ అక్కర్లేదు. రాత లెక్క కూడా చూడండి. శాంసంగ్ 870 ఈవో 500 జీబీకి 300 టీబీ రాతల వరకు వారంటీ. రోజుకి 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టీబీ. 300 చేరడానికి 41 ఏళ్లు. అప్పటికి ల్యాప్‌టాప్ కీలు ఊడి ఎన్నాళ్లయి ఉంటుందో!

ఇక బాబాయ్ గారు చెప్పనిది ఒకటుంది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌కి దొరికే 7 మిల్లీమీటర్ల మందం 1 టీబీ హార్డ్‌డిస్కుల్లో ఎక్కువ ఎస్‌ఎమ్ఆర్ రకం. పెంకుటింటి కప్పు చూశారుగా, ఒక పెంకు అంచు మీద ఇంకో పెంకు. ట్రాకులు అలా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక్క పెంకు మార్చాలంటే దాని మీదకి ఎక్కినవన్నీ తీసి మళ్లీ పేర్చాలి. విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ డిస్క్ చేసేది ఆ పనే. ఏదో మూల పెట్టి ఫొటోలు దాచుకోవడానికి పరవాలేదు, విండోస్ నడపడానికి నరకం.

గోదారిగట్టు గారూ, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఆ అంకెల్ని మామూలుగా పదహారు ఆధారంతో చూపిస్తుంది. మీ 30 అంటే మూడు పదహార్లు, నిజానికి 48. ఏది కొనాలో తర్వాత, ముందు కాపీ మొదలుపెట్టండి.

స్క్రూడ్రైవర్ బాబాయ్:
పెంకుల సంగతి ఒప్పుకుంటాను. 41 ఏళ్ల లెక్క మాత్రం కాగితం మీదిది. నా దగ్గరికొచ్చే ఎస్‌ఎస్‌డీలు రాసి రాసి అరిగినవి కావు, కంట్రోలర్ (లోపల అంతా నడిపే చిప్) పోయినవి. పేరు లేని చవక రకం వేసి వారంటీ కాగితం పారేసినవాళ్లే ఎక్కువ. వేస్తే ఐదేళ్ల వారంటీ ఉన్నది, బిల్లుతో తీసుకోండి.

బిట్టుబైటు:
బాబాయ్, మీరు చెప్తున్నది బ్యాకప్ ఉండాలని. హార్డ్‌డిస్క్ ఉండాలని కాదు.

స్క్రూడ్రైవర్ బాబాయ్:
ఎంతమంది తీస్తారమ్మా బ్యాకప్? నువ్వు తీస్తావా?

బిట్టుబైటు:
…ఫోన్‌ది తీస్తాను.

గోదారిగట్టు:
ఇంట్లో 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి ఖాళీగా ఉంది. డబ్బా విప్పి దాన్నే లోపల పెట్టేస్తే?

పుల్లట్టు:
విప్పకండి. చాలావాటికి లోపల ల్యాప్‌టాప్‌కి తగిలించే సాటా పిన్నులే ఉండవు, యూఎస్‌బీ సాకెట్‌ని నేరుగా బోర్డు మీదే అతికిస్తారు. విప్పితే రెంటికీ చెడుతుంది. దాన్ని అలాగే ఉంచి 480 జీబీ అందులోకి పోయండి. ల్యాప్‌టాప్‌లో 500 జీబీ ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్, రోజూ వాడేవి మాత్రం పెట్టుకోండి. పొలం కాగితాలు రెండు చోట్లా ఉండాలి. క్లోన్ (డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ) చెయ్యకండి, దెబ్బతిన్న డిస్క్‌ని క్లోన్ చేస్తే పాడైన ఫైళ్లు పాడైనట్టే వచ్చేస్తాయి. విండోస్ కొత్తగా వేసుకోవడమే మేలు. ఎస్‌ఎస్‌డీ 7 మిల్లీమీటర్లే, పాత గూడు 9.5ది అయితే వదులుగా ఉంటుంది, ప్లాస్టిక్ ఫ్రేమ్ అడిగి తీసుకోండి.

బిట్టుబైటు:
ఆరో తరం కాబట్టి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి మామూలు అప్‌డేట్‌లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. కొత్తగా ఎలాగూ వేస్తున్నారు, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఒకసారి చూడండి. దీని మీద గొడవ మొదలుపెట్టాలంటే వేరే చర్చ తెరుద్దాం.

గోదారిగట్టు:
ఎస్‌ఎస్‌డీ తీసుకున్నాను, ఐదేళ్ల వారంటీది. కాపీ నిన్న రాత్రి పెడితే పొద్దున ఏడింటికి అయింది. పొలం కాగితాలు, ఫొటోలు అన్నీ వచ్చాయి. పెళ్లి వీడియో మూడో భాగం దగ్గర మాత్రం 62 శాతంలో ఆగిపోయి ఎర్రర్ ఇస్తోంది. తలంబ్రాలు అందులోనే ఉన్నాయి. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

స్క్రూడ్రైవర్ బాబాయ్:
చెప్పకండి, ఆగండి. మళ్లీ మళ్లీ కాపీ కొట్టి ఆ డిస్క్‌ని చంపకండి, ఆఫ్ చేసి పక్కన పెట్టండి. లినక్స్‌లో డీడీరెస్క్యూ అని ఒకటుంది, బాగున్న చోట్లు ముందు లాగేసి, మొండి చోట్లకి తర్వాత తిరిగి వస్తుంది. ఆ డిస్క్ అంతా పట్టేంత ఖాళీ ఉన్న ఇంకో డిస్క్ దొరికాక ఇక్కడే చెప్పండి, ఒక్కో కమాండ్ రాసిస్తాను.