కరెంటు పోతే కొవ్వొత్తి ఎక్కడ పెడుతున్నారు?

కాకినాడ_కోడలు: మాది మూడో అంతస్తు. ఈదురుగాలి వస్తే చాలు కరెంటు పోతోంది, ఇన్వర్టర్ లేదు. బాబుకి రెండేళ్లు, ఏది కనిపిస్తే అది లాగుతాడు. కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలి? వాసన కొవ్వొత్తులు పడకగదిలో పెట్టొచ్చా?

గోదారోడు: టీవీ మీద మాత్రం వద్దు. చిన్నప్పుడు డబ్బా టీవీ మీద అంటించి నిద్రపోయాను. తెల్లారేసరికి పైన ప్లాస్టిక్ గుంట పడి, మైనం లోపలికి కారింది. నాన్న ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

నెల్లూరమ్మాయి: పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో స్టీలు గ్లాసు బోర్లించి, దాని మీద నాలుగు చుక్కలు మైనం కార్చి నిలబెట్టండి. పడితే నీళ్లలోనే పడుతుంది. అమ్మమ్మ పద్ధతి.

లెక్కల_మాస్టారు: మైనం మంట దగ్గర నీళ్లా? కొంపలంటుకునే సలహా!

నెల్లూరమ్మాయి: మంట మీద పోయమన్నానా మాస్టారూ? కింద పెట్టమన్నాను. చదివి తిట్టండి.

లెక్కల_మాస్టారు: 22 ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, చదవడం నువ్వు నేర్పక్కర్లేదమ్మా.

మాజీ_ఫైర్‌మ్యాన్: ఇద్దరూ కాస్త ఆగండి. నా సర్వీసంతా మంటలతోనే గడిచింది. పళ్లెంలో నీళ్లు మంచిదే. గిన్నెలో మైనమంతా కరిగి అంటుకుంటే మాత్రం చుక్క నీళ్లు పోయొద్దు. నీళ్లు అడుగుకి దిగి, ఒక్కసారిగా ఆవిరై, మండే మైనాన్ని మొహానికి చిమ్ముతాయి. మూత పెట్టేస్తే ఆరిపోతుంది. గ్యాస్ వాసన వస్తే కొవ్వొత్తి కాదు కదా, స్విచ్ కూడా ముట్టుకోవద్దు. కిటికీలు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

గోదారోడు: కరెంటే లేనప్పుడు స్విచ్ వేస్తే ఏమవుద్ది సార్?

మాజీ_ఫైర్‌మ్యాన్: వచ్చేటప్పుడు నీకు చెప్పి వస్తుందా?

కూకట్‌పల్లి_శారద: కొవ్వొత్తిదేముంది! కార్తీక పౌర్ణమికి నేతిలో నానబెట్టిన 365 వత్తుల కట్ట బాల్కనీలో వెలిగించాం. మంట మూరెడు లేచింది. తీగ మీద ఆరేసిన పాలిస్టర్ చీర అంచు ముడుచుకుపోయి, చుక్కలు చుక్కలుగా కారింది. ప్రమిద ఠప్పున పగిలింది.

నెల్లూరమ్మాయి: తులసికోట దగ్గర వెలిగించాలి కానీ బాల్కనీలో ఏంటండీ?

కూకట్‌పల్లి_శారద: ఫ్లాట్లో తులసికోట బాల్కనీలో కాక లిఫ్టులో ఉంటుందా?

డల్లాస్_బావ: మాకు లీజులోనే కొవ్వొత్తులు వద్దని రాశారు. దీపావళికి బ్యాటరీ దీపాలు పెడితే, వీడియో కాల్‌లో అత్తయ్య "పండగ కూడా చార్జింగ్ పెట్టావా?" అంది.

గోదారోడు: 2020 ఏప్రిల్ 5 రాత్రి 9కి అందరం దీపాలు పెట్టాం, గుర్తుందా? శానిటైజర్ రాసుకుని వెలిగించొద్దని ముందే చెప్పారు. మా తమ్ముడు వినలేదు. వేళ్ల మీద వెంట్రుకలు మాడాయి, అంతటితో పోయింది.

కాకినాడ_కోడలు: నా పడకగది సంగతి ఎవరూ చెప్పలేదండీ.

మాజీ_ఫైర్‌మ్యాన్: మెలకువగా ఉన్నంతసేపే అమ్మా. కర్టెన్‌కి, దుప్పటికి దూరంగా, బాబుకి అందని ఎత్తులో. నిద్ర వస్తుంటే ముందు దాన్ని ఆర్పు. అసలు పిల్లాడున్న ఇంట్లో చార్జింగ్ లైటు కొనుక్కో.

లెక్కల_మాస్టారు: నెల్లూరమ్మాయీ, ఆ పళ్లెంలో నీళ్లు ఎన్ని పోయాలో చెప్పనేలేదు.